నీళ్ళవైపు బెంచీ

సాగర్ నగర్ అని ఆ కాలనీకి పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు అనంతపురం జిల్లా సంగతి బొత్తిగా తెలియకైనా ఉండాలి, బాగా తెలిసి ఎగతాళైనా చేసి ఉండాలి. ధర్మవరానికి ఆరు మైళ్ళ దూరంలో, సింగనకుంట చెరువు ఒడ్డున, మగ్గం నేసేవాళ్ళ కోసం సొసైటీ కట్టించిన నలభై ఇళ్ళు అవి. చెరువంటే పేరుకే చెరువు. డెబ్బై ఆరులో ఇళ్ళు లేచేనాటికి అది నిండగా చూసినవాళ్ళు ఊళ్ళో ముగ్గురో నలుగురో ముసలివాళ్ళు మిగిలారు. వాళ్ళు కూడా ఏ సంవత్సరమో చెప్పమంటే వాదులాడుకునేవాళ్ళు. మిగతా అందరికీ అది కంపచెట్లు మొలిచిన బయలు, గొర్రెలు తోలుకునే చోటు. బస్సు కండక్టరు అక్కడ ఈల వేసినప్పుడల్లా "సాగర్ నగరోళ్లు దిగండప్పా, పంచెలు పైకెత్తుకోండి, తడుస్తాయి" అనేవాడు. బస్సంతా నవ్వేది. దిగేవాళ్ళు కూడా నవ్వుకుంటూనే దుమ్ములోకి దిగేవాళ్ళు.

ఆంజినమ్మకు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండేది. ఆమె మూడో నంబరు ఇంటి ఇల్లాలు, మగ్గం నేసే ఈరన్న భార్య. ఆ ఇల్లు ఆమెకు ఏమిటో కండక్టరుకేం తెలుసు!

ఆ ఇల్లు రాకముందు పద్నాలుగేళ్ళు ఈరన్న, అతని అన్న లక్ష్మన్న ధర్మవరంలో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఇల్లని పిలుచుకునేవాళ్ళు గానీ నిజానికి అది రెండు మగ్గాల మీద ఒక కప్పు. మగ్గాలు పోగా మిగిలిన చోట్లో తొమ్మిదిమంది తినాలి, పడుకోవాలి. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ ఇంట్లో ఆంజినమ్మ అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట "లెయ్యి". గోడకు ఆనుకుని కండెలకు దారం చుడుతుంటే, లెయ్యి, పడుగు పరచాల. గడపలో కూర్చుని బియ్యం ఏరుతుంటే, లెయ్యి, షావుకారు మనిషి వస్తాండాడు. మగ్గం పక్కన ఇంత చాప పరుచుకుని నడుం వాలిస్తే తెల్లవారకముందే లెయ్యి, బావ నేతకు కూచోవాల. కసిరి అన్నవాళ్ళు ఎవరూ లేరు. చోటు లేదు, అంతే. కానీ ఎక్కడ కూర్చున్నా లేవాల్సి వస్తుందని తెలిసిన మనిషి సగం ఒంటితోనే కూర్చుంటుంది. ఆంజినమ్మ అన్నం కూడా గొంతుక్కూర్చునే తినేది.

ఇక కాలనీ ప్లాను గీసిన ఇంజనీరు సంగతి. అతను కోస్తావాడు, కుర్రవాడు. పుట్టినప్పటినుంచి ఏ కాలువ గట్టునో పెరిగి ఉంటాడు, కాగితం మీద చెరువు అన్న మాట కనబడగానే అందులో నీళ్ళుంటాయని నమ్మేశాడు పాపం. నలభై ఇళ్ళను నాలుగు వరుసలు చేసి, మొదటి వరుస పది ఇళ్ళకూ వాకిళ్ళు చెరువు వైపు తిప్పాడు. ఇళ్ళకూ చెరువుకూ మధ్య షికారుకు ఒక బాట వేయించాడు. బాట పక్కన ఇంటికొకటి చొప్పున పది సిమెంటు బెంచీలు పోయించాడు, అన్నీ నీళ్ళవైపు తిరిగి. లాటరీ తీసి ఇళ్ళు పంచిన రోజున అందరినీ అక్కడికి తీసుకొచ్చి, "సాయంత్రం పూట ఇక్కడ కూర్చుని నీళ్ళు చూస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో చూడండి" అన్నాడు.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈరన్న పక్కింటి నాగప్పతో "నీళ్లు యాడుండాయప్పా సూసేకి, తాగేకే ల్యాకపాయె" అని గొణిగాడు. ఆంజినమ్మ మాత్రం మూడో నంబరు బెంచీ దగ్గరికి పోయి, కొంగుతో దుమ్ము తుడిచి, కూర్చుంది. ఎదురుగా కంపచెట్లు, గొర్రెలు, ఎర్రమన్ను. పొద్దు వాలేదాకా కూర్చున్నా ఎవరూ వచ్చి లెయ్యి అనలేదు. దుమ్ము అంటిన కొంగుతోనే కళ్ళు తుడుచుకుంది. ఏడుపు అనుకుందామంటే ఏడవడానికి కారణం ఏమీ లేదు.

ఆ రోజునుంచి అది ఆమె చోటు అయిపోయింది. ఇంటి పని, కండెల పని ముగించుకుని, దీపం పెట్టే వేళకు ముందు కాసేపు పోయి కూర్చునేది. కూర్చున్నా కాళ్ళు మాత్రం కిందికే, ఎవరైనా పిలిస్తే లేవడానికి సిద్ధంగా. అలవాటు ఎక్కడికి పోతుంది? వెనక వరుసలో ఉండే తిమ్మక్క కట్టెల మోపుతో అటే పోతూ "ఏమ్మే ఆంజినమ్మా, నీళ్లు యాడిదాకా వచ్చినాయి?" అని అడిగేది. "వస్తాండాయక్కా, పెనుకొండ దాటినాయంట" అనేది ఆంజినమ్మ. అయిదేళ్ళు ఆ నీళ్ళు పెనుకొండ దాటుతూనే ఉన్నాయి.

ఆ ఇంజనీరు ఇంకో మాట కూడా చెప్పి పోయాడు. ఇళ్ళలో గుంత మగ్గాలు పెట్టవద్దన్నాడు. "చెరువు నిండితే నీటిమట్టం మీ గచ్చుకు జానెడు కిందకు వస్తుంది. గుంటలు తవ్వితే ఊరుతాయి. ఎత్తు మగ్గాలు పెట్టుకోండి, అందుకే కప్పు పదకొండడుగులు లేపాను" అని కాగితం చూపించి మరీ చెప్పాడు. ఎవరు వింటారు? మగ్గమంటే వాళ్ళకు గుంత మగ్గమే. నేలలో రెండున్నర అడుగుల గుంత, గుంతలో తొక్కుడు చెక్కలు, వాటి మీద కాళ్ళు, గుంత అంచున నేలమీద మనిషి. తాతల నాటినుంచి అంతే. "ఈ పిల్లోనికి మగ్గం గురించి ఏం తెలుసప్పా" అన్నాడు ఈరన్న. "కాళ్లు భూమిలో ల్యాకుంటే మగ్గం మాట వింటాదా?" నలభై ఇళ్ళవాళ్ళూ చెరువు ఒడ్డున గుంతలు తవ్వుకున్నారు, చెరువు ఎండి ఉంది గదా అని. ఇంత తెలివితక్కువ పని వేరేవాళ్ళు చేస్తే వాళ్ళే నవ్వి ఉండేవాళ్ళు.

గుంత తవ్వడమంటే వాళ్ళకు మాటలు కాదు. ఈరన్న ధర్మవరంలో తన నాయన కూర్చుని నేసిన గుంతలోనుంచి పిడికెడు మన్ను పంచె చెంగున కట్టుకొచ్చాడు. కొత్త గుంత అడుగున పసుపునీళ్ళు చల్లి, ఆ మన్ను పరిచి, దండం పెట్టి, అప్పుడు కాలు దించాడు. తవ్వడానికి ముహూర్తం ఉంది గానీ పూడ్చడానికి లేదు. ఆ ఇంట నేసేవాడు పోయి, వాడి చోట కూర్చునే కొడుకు లేనప్పుడే గుంత పూడ్చేది. అందుకే వాళ్ళ వీధుల్లో ఆడవాళ్ళు కొట్లాడుకుంటే నోట వచ్చే ఆఖరి తిట్టు "నీ ఇంటి గుంత పూడ". ఆ మాట జారిందంటే రెండిళ్ళకూ ఏడాది మాటలుండవు. ఈరన్నకూ ఆంజినమ్మకూ పిల్లలు లేరు. ఆ గుంతను ఈరన్న రోజూ పొద్దున చేత్తో తాకి కళ్ళకద్దుకుని దిగేవాడు. ఎందుకో ఆంజినమ్మకు తెలుసు, ఎన్నడూ అడగలేదు.

ఎనభై ఒకటిలో కార్తీకమాసంలో పట్టుకున్న వాన అయిదు రోజులు విడవలేదు. ఆరో రోజు తెల్లవారి చూస్తే సింగనకుంట చెరువు నిండిపోయింది. ఊరు ఊరంతా కట్టమీద ఉంది. కండక్టరు బస్సు ఆపించి తనే ముందు దిగాడు, డ్రైవరు దిగాడు, బస్సులో ఉన్నవాళ్ళందరూ దిగి నోళ్ళు తెరుచుకుని చూశారు. మొదటి వరుస ఇళ్ళ ముందర, బాటకు పది అడుగుల దూరంలో నీళ్ళు. ఆంజినమ్మ తన బెంచీ తుడుచుకుని కూర్చుని, దారిన పోయే ప్రతివాళ్ళనూ చూసింది. ఒక్క మాట అనలేదు. అనాల్సిన పని లేదు గదా. తిమ్మక్కే దగ్గరికి వచ్చి "పెనుకొండ దాటినాయి లేమ్మే" అంది.

ఆ సాయంత్రం ఈరన్న కూడా వచ్చి బెంచీ పక్కన నిలబడ్డాడు. అయిదేళ్ళలో అతను అక్కడికి రావడం అదే మొదలు. "కూచో" అంది ఆంజినమ్మ, పక్కకు జరిగి. "పనుండాది" అని అతను లోపలికి పోయాడు. పోయేముందు మాత్రం చాలాసేపు నీళ్ళవైపు చూశాడు.

మూడో రోజున గుంత అడుగు చెమ్మగిల్లింది. నాలుగో రోజు పొద్దున ఈరన్న గుంతను తాకి, కళ్ళకద్దుకుని, కాళ్ళు దించాడు. దించిన కాళ్ళు చీలమండల దాకా నీళ్ళలోకి పోయాయి. అతను అట్లాగే కూర్చుండిపోయి "ఆంజినీ" అని పిలిచాడు. ఆ పిలుపులో ఏమో ఉంది, ఆమె పొయ్యిమీద సంగటి వదిలి పరుగెత్తుకొచ్చింది.

ఇద్దరూ కలిసి ఎత్తిపోశారు. కడవలతో, చెంబులతో, చేతికందిన గిన్నెలతో. పొద్దెక్కేసరికి గుంత ఖాళీ అయింది. మధ్యాహ్నానికి మళ్ళీ మోకాళ్ళ దాకా వచ్చింది. తొక్కుడు చెక్కలు ఉబ్బాయి, తాళ్ళు నాని తెగాయి, జరీ చెమ్మకు నల్లబారడం మొదలుపెట్టింది. వెనక వరుసల్లో చెమ్మ తప్ప నీళ్ళు రాలేదు. మొదటి వరుసలో పది ఇళ్ళకూ ఇదే గతి. నాగప్ప వారం రోజులు ఎత్తిపోసి, విసుగెత్తి, ఇంటికి తాళం వేసి ధర్మవరంలో బావమరిది ఇంటికి పోయాడు. మిగిలినవాళ్ళు ఈ రోజు తగ్గుతుంది, రేపు తగ్గుతుంది అనుకుంటూ మగ్గాలు ఆపి కూర్చున్నారు. వాన కోసం మొక్కినవాళ్ళు ఇప్పుడు చెరువు దిగిపోవాలని మొక్కలేరు, నోరు రాదు.

అట్లా ఇరవై రోజులు గడిచాక సొసైటీ అధ్యక్షుడు ఎర్రిస్వామి వచ్చాడు. మనిషి మంచివాడే, తనూ నేసినవాడే, కానీ చంకలో రూళ్ళ పుస్తకం పెట్టుకుని తిరుగుతాడు. గుంతలో నీళ్ళు చూసి తల పట్టుకుని గడపలో కూర్చున్నాడు.

"ఈరన్నా, మొహమాటం ల్యాకుండా చెప్తాండా. నెల రోజులు మగ్గం ఆడకుంటే ఇల్లు వాపసు తీసుకోవాలని నువ్వే సంతకం పెట్టిండావు. వచ్చే సోమవారం అనంతపురం నుంచి ఆఫీసరు వస్తాండాడు, ప్రతి ఇంట్లో మగ్గం ఆడతాందా ల్యాదా సూసేకి. ఇండ్లు రానోళ్లు అరవైమంది అర్జీలు పెట్టుకోనుండారు."

"నన్నేం చేయమంటావన్నా?"

"ఆ ఇంజనీరు చెప్పిందే. గుంత పూడ్చి, మగ్గం పైకి లేపు. ల్యాదంటే ఇంటి బీగంచెవి నా చేతికి ఇయ్యి."

"గుంత పూడ్చను" అన్నాడు ఈరన్న. గొంతు పెంచలేదు. ఎర్రిస్వామికి అర్థమయింది, నేసేవాడు గదా. పుస్తకం చంకలో పెట్టుకుని లేచిపోయాడు.

ఆ మర్నాడే ఈరన్న అన్నకు కబురు పంపాడు. శనివారం బండి తెచ్చి మగ్గం తీసుకుపొమ్మని. ఆంజినమ్మకు ఆ సంగతి తిమ్మక్క నోట తెలిసింది. ఇల్లు పోతుంది. మళ్ళీ ఆ గోడ, ఆ గడప, ఆ చాప, లెయ్యి, లెయ్యి. ఇంటికి వచ్చేసరికి ఈరన్న మగ్గం తాళ్ళు విప్పుతున్నాడు.

"నేను ఆ ఇంటికి రాను" అంది.

"మగ్గం ఆడకుంటే ఈ ఇల్లు మనకి యాడిది?"

"ఆడించు."

"నీళ్లలో ఆడించేదా?"

"ఊరంతా చెప్తాండారు గదా. పూడ్చు" అంది ఆంజినమ్మ.

అన్నాక గానీ ఆ మాట ఏమిటో ఆమెకు తెలియలేదు. వీధి కొట్లాటల్లో పగవాళ్ళు అనే మాట, పిల్లలు లేని మగనితో పెళ్ళామే అంది. ఈరన్న చేతిలో తాడు అట్లాగే పట్టుకుని ఆమెవైపు చూశాడు. కోపంతో చూసి ఉంటే ఆమె తట్టుకునేది. అతను తల దించుకుని మళ్ళీ తాడు విప్పసాగాడు. ఆ పూట ఇద్దరూ తినలేదు. ఆంజినమ్మ తన నాలుకను తనే తిట్టుకుంది, తెల్లవార్లూ తిట్టుకుంది. చెప్పుకోవడానికి ఏముంది, ఇల్లు కావాలన్న కడుపుమంటలో వచ్చిన మాట అది.

శుక్రవారం పొద్దున ఏం చేయాలో తోచక ఆమె గుంతలోనుంచి నీళ్ళు తోడి వాకిట్లో పోస్తూ ఉంది. తిమ్మక్క ఖాళీ కడవతో వచ్చి, ఒలికిపోతున్న నీళ్ళు చూసి నిలబడిపోయింది. నిండిన చెరువు నీళ్ళు ఎర్రగా, బురదగా ఉన్నాయి, గుడ్డలో వడబోసినా తేరవు. గుంతలో ఊరిన నీళ్ళు మాత్రం తేటగా, అడుగు కనబడేటంత తేటగా ఉన్నాయి.

"మే, ఈ నీళ్లు పారబోస్తాండావా? నీకేమన్నా పిచ్చా? నా కడవలో పొయ్యి. ఇంట్లోనే చెలమ పుట్టింటే ఎత్తిపోస్తాందీమె" అంది తిమ్మక్క.

చెలమ అన్న మాట విని ఆంజినమ్మ చెంబు ఆపింది. ఎండాకాలంలో చిత్రావతి ఏటి ఇసుకలో చేతులతో తోడి, ఊరేదాకా కాచుకుని, చెంబుచెంబుగా నింపుకున్నది అదే గదా. ఆ చెలమ చుట్టూ ఎంతమంది కూర్చునేవాళ్ళు! చెలమను ఎవరైనా పూడుస్తారా? పూడ్చినవాణ్ణి ఊళ్ళో బతకనిస్తారా? తిమ్మక్క కడవ నింపి పంపించి, ఆమె తిన్నగా పోయి తన బెంచీ మీద కూర్చుంది. ఆలోచన వచ్చినప్పుడు కూర్చోవడానికి ఆమెకు ఉన్న చోటు అదొక్కటే. కూర్చుని తన కాళ్ళ వైపు చూసుకుంది. బెంచీ కింద కాళ్ళు ఊగుతున్నాయి, గుంతలో ఈరన్న కాళ్ళు ఆడినట్టే. చాలాసేపు వాటినే చూసింది. తర్వాత లోపలికి పోయి మగణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"కూచో."

"ఇప్పుడు నీళ్లు సూసే పొద్దా ఇది?"

"కూచోమంటాండా గదా."

అతను కూర్చున్నాడు. "నీ కాళ్లు యాడుండాయి?" అంది.

"యాడుంటాయి, కిందుండాయి."

"గుంతలో కూచుంటే యాడుంటాయి?"

"కిందే."

"నా నోరు కాల, నిన్న నేనన్న మాట తెలీకన్నది. అది మర్చిపో. గుంత పూడ్చొద్దు. చెయ్యి కూడా పెట్టొద్దు. అది చెలమయింది, చెలమగానే ఉండనీ. మీ నాయన మన్ను ఆ నీళ్ల అడుగునే ఉంటాది, యాడికీ పోదు. మగ్గాన్ని ఇవతలికి జరిపి, కింద బండలు పెట్టి పైకి లేపుదాం. ఈ బెంచీ లోపల పెట్టుకుందాం. నువ్వు దీనిమీద కూచుంటే నీ కాళ్ల కింద గుంతంత చోటుంటాది. అదీ గుంతే అనుకో."

ఈరన్న వంగి తన కాళ్ళు చూసుకున్నాడు. కుడికాలు ఒకసారి, ఎడమకాలు ఒకసారి, ఎదురుగా చెక్కలున్నట్టు తొక్కి చూశాడు. తర్వాత బెంచీని అరచేత్తో తట్టాడు. కొయ్య బల్ల అయితే ఊగుతుంది, నేత బిగించే అచ్చు గుద్దిన ప్రతిసారీ కదులుతుంది. ఇది కదలదు. ఆ సంగతి ఆమె చెప్పాల్సిన పని లేదు.

"నీకు కూచునేకి?" అన్నాడు చివరికి.

"నాకేముంది, నేను నిలబడేదాన్నే" అని ఆంజినమ్మ లేచి నిలబడింది. మాట నవ్వుతూనే అంది. అయిదేళ్ళు దుమ్ము తుడుచుకుని కూర్చున్న చోటు అది, ఇచ్చేముందు ఇంకోసారి కొంగుతో తుడిచింది.

శనివారం లక్ష్మన్న బండి తోలుకుని వచ్చాడు. వచ్చినవాడికి సంగతి చెప్పి, ఆ బండితోనే గుట్టకాడినుంచి నాలుగు బండరాళ్ళు తెప్పించారు. "మగ్గం మోసుకోని పోయేకి వస్తే నాచేత రాళ్లు మోయిస్తాండారప్పా" అని లక్ష్మన్న సణిగాడు గానీ, చొక్కా విప్పి పనిలోకి దిగాడు. బెంచీని పెకలించడానికి ఎనిమిదిమంది పట్టారు. వాకిలి ఇరుకై లోపలికి పోకపోతే తలుపులు ఊడదీశారు. గుంత వెనకగోడ పక్కన తన పాటికి తాను నీళ్ళతో ఉండిపోయింది. మగ్గం వాకిలి పక్కకు వచ్చింది. ఇంజనీరు లేపిన పదకొండడుగుల కప్పు ఇన్నాళ్ళకు పనికొచ్చింది. అప్పుడు ఈరన్న అతన్ని ఏమని తిట్టాడో ఎవరూ గుర్తుచేయలేదు.

ఆదివారం పొద్దున ఈరన్న బెంచీ మీద కూర్చుని చెక్కలు తొక్కాడు. కాళ్ళు తడబడ్డాయి. ఒక చెక్క బదులు ఇంకొకటి తొక్కాడు, పోగును అటూ ఇటూ మోసే నాడె అడ్డం పడింది, పోగులు తెగాయి. ఆంజినమ్మ తెగినవన్నీ ముడులేసింది. మళ్ళీ తెగాయి. మధ్యాహ్నానికి అతను చేతులు వదిలేశాడు.

"కాళ్లకి తెలీడం ల్యా, ఆంజినీ. ముప్పై ఏండ్లు మన్నులో పెట్టిన కాళ్లు."

ఆమె పోయి గుంతలోనుంచి చెంబెడు నీళ్ళు తెచ్చి, కింద కూర్చుని, అతని కాళ్ళమీద పోసింది. వేలి సందులు తడిసేలా నిదానంగా పోసింది. "ఇవీ గుంతలోవే" అంది. ఈరన్న కళ్ళు తుడుచుకున్నాడు, ఆమె చూడనట్టు చెంబు తీసుకుని లేచింది. ఆ నీళ్ళ మహిమ అని చెప్పను, ఒక పూట అలవాటు అంతే అయి ఉంటుంది. ఏదైతేనేం, దీపాలు పెట్టే వేళకు మగ్గం తడబడకుండా ఆడసాగింది.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. మూడో నంబరు ఇంటి ముందు ఆగి కాగితం చూసి, ఒడ్డు చూసి, "పది బెంచీలని రాసుంది. తొమ్మిదే ఉన్నాయేం?" అన్నాడు. ఎర్రిస్వామి ఒక్క క్షణం తడుముకోలేదు. "సార్, ప్లానులో బెంచీలు నీళ్లవైపు తిరిగుండాలని రాసిండాది. పదోది లోపలుండాది. నీళ్లవైపే తిరిగుండాది, మీరే సూడండి" అన్నాడు. ఆఫీసరు లోపలికి తొంగిచూశాడు. ఈరన్న వాకిలికి ఎదురుగా కూర్చుని నేస్తున్నాడు, వాకిలి అవతల చెరువు. ఆఫీసరు మూతి బిగించి నవ్వు ఆపుకున్నట్టుంది, మగ్గం ఆడుతున్నదని రాసుకుని, వరుసలో మగ్గం ఆగిన ఇళ్ళకు ఇంకో నెల గడువిచ్చి పోయాడు. ఆ వారంలోనే మిగతా ఇళ్ళవాళ్ళు వచ్చి చూసి పోయారు. కబురు తెలిసి నాగప్ప కూడా తాళం తీశాడు. నెల తిరిగేసరికి ఒడ్డున ఒక్క బెంచీ మిగల్లేదు, ఎర్రిస్వామి రూళ్ళ పుస్తకంలో బెంచీల లెక్క ఉన్న పేజీ కనబడకుండా మడిచి పెట్టుకున్నాడు.

ఆఫీసరు పోయిన ఆ సాయంత్రం ఆంజినమ్మ కండెల పని ముగించి, అలవాటు కొద్దీ ఒడ్డుకు పోయింది. బెంచీ ఉన్న చోట రెండు గుంటలు మాత్రం ఉన్నాయి. కాసేపు వాటి పక్కన నిలబడింది. ఇల్లు దక్కింది, ఇక ఎవరూ కదల్చరు, అది చాలదా అని తనకు తనే చెప్పుకుంది. చెప్పుకుని ఇంటికి వచ్చి, ద్వారబంధానికి ఆనుకుని నిలబడింది.

ఈరన్న మగ్గం ఆపాడు. చీకటి పడేదాకా ఎన్నడూ ఆపని మనిషి. బెంచీ మీద ఒక చివరకు జరిగాడు.

"కూచో" అన్నాడు.

ఆమె వచ్చి, రెండో చివర, సగం ఒంటితో, కాళ్ళు కిందపెట్టి కూర్చుంది. వాకిట్లోనుంచి చెరువు కనబడుతూ ఉంది. తర్వాత ఈరన్న నాడె తీసి చూసి, "కండె అయిపోయింది" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. ఆంజినమ్మ చటుక్కున లేవబోయింది.

"లెయ్యొద్దు" అన్నాడు ఈరన్న.

అతనే లేచి, వెనకగోడ దాకా పోయి, గుంత పక్కన పెట్టిన తట్టలోనుంచి కండె తెచ్చుకున్నాడు. వచ్చి చూస్తే ఆంజినమ్మ కాళ్ళు రెండూ పైకి తీసుకుని, బెంచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.